ఆసుపత్రికి పోవునాటి కట్టుబట్ట

పెండ్లికి ఏ చీర కట్టవలెనో, కర్మకు ఏ పంచె కట్టవలెనో మన యిండ్లలో ఎవరికిని ఎవరును నేర్పనక్కరలేదు. వైద్యుని యొద్దకు పోవునాడు ఏది కట్టవలెనన్నచో మాత్రము ఇంటింట గందరగోళమే. ఒకరు మగ్గపు గుంటలోనుండి లేచి, నూలుపీచు అంటిన బనీనుతోనే పరుగెత్తుదురు. మరియొకరు పెట్టె అడుగున దాచిన పట్టుచీర తీసి, ఉన్న నగలన్నియు పెట్టుకొని, పేరంటమునకు పోవునట్లు బయలుదేరుదురు. ఇంకొక రకమువారును కలరు. వారు కట్టుకొనుటకు తగినది లేదని ఈ నెల, ఆ నెల అనుచు అసలు పోనేపోరు. ఈ మూడవ రకమువారిని గూర్చియే మాకు ఎక్కువ దిగులు. ముఖ్యముగా వారి కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రోగము బట్టను చూచి వచ్చునా, బట్టను చూచి పోవునా అని పెద్దలు కొందరు నవ్వవచ్చును. రోగము చూడదు. కాని రోగి చూచుకొనును, వైద్యుడును చూచును. మనిషి తాను కట్టిన బట్టలో ఇమిడియున్నప్పుడు వచ్చిన పని నోరు తెరచి చెప్పగలడు. ఇమడనప్పుడు సగము చెప్పి లేచి వచ్చును. ఆ చెప్పని సగములోనే ఒక్కొక్కప్పుడు అసలు జబ్బు ఉండును.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనవంటివారికి ఈ చిక్కు ఇబ్బడి. సోలాపూరులో, భివండీలో ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. బరంపురములో ఒడియా, కంచిలో, ఆరణిలో తమిళము, బెంగుళూరు, దొడ్డబళ్ళాపురము వైపు కన్నడము. తరములు గడచినవి గనుక బజారు భాష మనకు కొట్టినపిండియే. బేరమాడుటకు, కూలి లెక్క తేల్చుకొనుటకు లోటు లేదు. కాని నొప్పిని చెప్పవలసి వచ్చినప్పుడు నాలుకకు అమ్మ నేర్పిన మాటయే వచ్చును. ‘రొమ్ములో కలుక్కుమంటోంది’, ‘పిక్కలు లాగుతున్నాయి’, ‘కడుపులో దేవుతోంది’ – వీటిని మరాఠీలోనో ఒడియాలోనో అప్పటికప్పుడు చెప్పుట ఎట్లు? యానామువారికి ఈ బాధ లేదు. కాకినాడ పెద్దాసుపత్రికి పోయినను అక్కడ తెలుగే. తక్కినవారము మాట తడబడుచు కూర్చున్న సమయమున ఒంటిమీది బట్ట కూడ మనలను చిన్నబుచ్చినచో ధైర్యము ఎక్కడనుండి వచ్చును?

వైద్యుని యెదుట బట్ట ప్రసక్తి క్రొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానము 29వ అధ్యాయములో, రోగి యింటినుండి వైద్యుని పిలువవచ్చు దూతను గూర్చి ఒక చర్చ యున్నది. తడిబట్ట, ప్రాతబట్ట, మాసినబట్ట కట్టి వచ్చిన దూత అశుభమనియు, తెల్లని శుభ్రవస్త్రము కట్టి వచ్చినవాడు శుభమనియు అందు చెప్పబడినది. దానిని శకునశాస్త్రముగా ఈనాడు ఎవరును నమ్మనక్కరలేదు. కాని ఆ కాలపు వైద్యుడు గుమ్మములో నిలిచిన మనిషి బట్టను ముందు చూచెడివాడని మాత్రము దానివలన తెలియుచున్నది. ఈనాటి వైద్యుడు చూడడని మేము అనుకొనము.

ఇక రోగి వైద్యుని బట్టను చూచుట యన్నది వేరొక కథ. 1983లో ఇటలీ దేశపు మిలాను నగరమున జూసెప్పె మాన్సియా అను వైద్యుడును ఆయన సహచరులును 48 మంది రోగులకు రక్తపు పోటును ఎడతెగక కొలుచు ఏర్పాటు చేసిరి. వైద్యుడు మంచము దగ్గరకు వచ్చిన మొదటి నాలుగు నిమిషములలోనే పై అంకె సగటున సుమారు 27 పాయింట్లు పెరిగినది. 1988లో న్యూయార్కులో థామస్ పికరింగ్ బృందము 292 మందిని పరీక్షించగా, అందు నూటికి 21 మందికి పోటు వైద్యశాలలో మాత్రమే ఎక్కువగా నుండి, బయట మామూలుగా నుండెను. దీనికి ‘తెల్లకోటు పోటు’ అని పేరు పడినది. పేరులో తెల్లకోటు ఉన్నది గాని తప్పు బట్టది కాదు. ఆ గదియు, ఆ నిరీక్షణయు, ఏమి చెప్పుదురో అను బెదురును అందులో కలిసియున్నవి. నేతవారముగా తెల్లబట్ట తరఫున ఈ మాట చెప్పుట మా ధర్మము!

బట్ట కట్టినవాని మనస్సుపై ఏమి చేయునను దానికి 2012లో అమెరికాలో హాయో ఆడం, ఆడం గలిన్‌స్కీ అను ఇరువురు ఒక ప్రయోగము ప్రకటించిరి. ఒకే తెల్లకోటును కొందరికిచ్చి ఇది వైద్యుని కోటనియు, మరికొందరికిచ్చి ఇది చిత్రకారుని కోటనియు చెప్పిరి. వైద్యుని కోటని నమ్మి తొడిగినవారు పరీక్షలో ఎక్కువ శ్రద్ధ చూపిరట. ఈ వార్త లోకమంతట వ్యాపించినది. కాని 2019లో వేరొక బృందము ఆ ప్రయోగములలో మొదటిదానిని ఎక్కువమందితో మరల చేసి చూడగా ఆ ఫలము కనబడలేదు. కాబట్టి కోటు తొడిగినంతనే బుద్ధి పెరుగునని మేము చెప్పబోము. మేము చెప్పునది అంతకంటె చిన్నమాట. బిగుసుకొనిన బట్టలో, ఎరువు తెచ్చిన బట్టలో, చిరుగు దాచుకొనవలసిన బట్టలో మనిషి దృష్టి సగము ఆ బట్టమీదనే యుండును. పమిట సర్దుకొనుచు, చిరుగుపై చేయి ఆనించుకొనుచు కూర్చున్న మనిషికి వైద్యుడు ‘ఈ మాత్ర తిన్న తరువాత, ఆ మాత్ర తినకముందు’ అని చెప్పిన మాట చెవి కెక్కునా? దీనికి అమెరికా ప్రయోగము అక్కరలేదు. ఏ ఆసుపత్రి వరండాలోనైన ఒక పూట కూర్చున్నచో చాలును.

మొదటి రకమువారిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు బట్ట మార్చుకొనుచు కూర్చుండుట తెలివితక్కువ. రొమ్ము పట్టినది, మాట పడిపోయినది, నెత్తురు ఆగుట లేదు అన్నప్పుడు ఉన్న బట్టతో పరుగెత్తవలసినదే. కాని ఆరు నెలలుగా ఉన్న మోకాలి నొప్పికి పోవునప్పుడు మగ్గముమీది లుంగీ ఎందుకు? తెల్లవారుజామున స్నానము చేసి ఉతికిన బట్ట కట్టి పోవుటకు ఒక గంట చాలును.

రెండవ రకము విచిత్రమైనది. మా యెరుకలో ఒక పెద్దమనిషి ఉండెడివారు. ఏబది ఏండ్లు గుంట మగ్గముపై కూర్చుండి నేసినవారు. పొడిదగ్గు, ఆయాసము. కుమారుడు ఆయనకు ఇస్త్రీచేసిన టెరికాటను చొక్కా తొడిగి, జేబులో కలము పెట్టి, తన జోళ్ళు వేయించి పెద్ద డాక్టరు వద్దకు తీసికొనిపోయెను. డాక్టరు ‘ఏం చేస్తుంటారు?’ అని అడిగిరి. పెద్దమనిషి నోరు విప్పకముందే కుమారుడు ‘బిజినెస్సండీ’ అనెను. అంతటితో ఆ ప్రశ్న ముగిసినది. నూలుపీచు, గంజిపొడి, రంగుల ఆవిరి, గుంటలోని తేమ – వీటి మాటయే రాలేదు. ఆ చొక్కాయే ఆయన వృత్తిని కప్పివేసినది. మూడవసారి పోయినప్పుడు ఇంటి కోడలు వెంట పోయి, ‘మామయ్యగారు మగ్గం నేస్తారండీ, యాభై ఏళ్ళ నుంచీ’ అని చెప్పిన తరువాతనే ఊపిరితిత్తుల పరీక్ష వ్రాసి యిచ్చిరి.

ఇందులో ఆ కుమారుని నిందించుటకు మాకు మనసొప్పదు. తండ్రిని గౌరవముగా చూడవలెననియే అతని కోరిక. కాని వృత్తి చెప్పుట అగౌరవమని ఎవరు నేర్పిరి? ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700 సంవత్సరములో పనివారి రోగములపై ఒక గ్రంథము వ్రాసెను. రోగిని అడుగవలసిన ప్రశ్నలలో ‘నీ పని ఏమి?’ అనుదానిని కూడ చేర్చవలెనని ఆయన తోటి వైద్యులకు చెప్పెను. ఆ గ్రంథములో నేతవారి రోగములకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే యున్నది. ప్రత్తి దుమ్మువలన వచ్చు బిసినోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు వారపు సెలవు తరువాత పనిలోనికి దిగిన మొదటి దినమున రొమ్ము బిగపట్టుటతో మొదలగును. అది నేతశాలలలోకంటె నూలుమిల్లులలో, దూది శుభ్రముచేయు చోట్ల, ఏకు తీయు చోట్ల ఎక్కువ. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో ఆ జబ్బు వృత్తిరోగముగా చేర్చబడియుండెను. భివండీ, ఇచల్‌కరంజీల మరమగ్గముల చప్పుడులో ఏండ్ల తరబడి నిలిచినవారికి చెవుడు వచ్చుటయు అందరు ఎరిగినదే. పని చెప్పనిచో ఇవన్నియు ఎవరికి తట్టును? మంచిచొక్కా తొడుగుకొనుడు, కాదనము. దానితోబాటు ‘నేతపని’ అను మాటయు నోట ఉండనిండు.

పట్టుచీర, నగల సంగతి. ధనవంతులవలె కనబడినచో మర్యాద ఎక్కువ దొరకునని ఆశ. ఒక్కొక్కచోట దొరకవచ్చును గూడ, లోకరీతి అట్లున్నది. కాని దాని వెనుక వచ్చు చిక్కులను ఎవరును లెక్కవేయరు. సామాన్యమైన మందుతో పోవుదానికి ఖరీదైన మందు వ్రాసినను ‘మాకు ఇంత తాహతు లేదండీ’ అని చెప్పుటకు నోరు రాదు. పట్టుచీర కట్టి ఆ మాట ఎట్లు చెప్పుట? చీటీ తీసికొని వచ్చి, మందుల దుకాణమున సగము కొని, తక్కిన సగము మానివేయుదురు. ఎరువు తెచ్చిన చీరయైనచో మరకపడునేమోనను భయము అదనము.

ఇప్పుడు మూడవ రకమువారి మాట. వీరిలో స్త్రీలే ఎక్కువ. కండెలు చుట్టి, ఆసు పోసి, పడుగు అతికి, నేత పనిలో సగముకంటె ఎక్కువ చేతులమీదుగా నడిపించు తల్లులు. వారి చేతిమీదుగా పోయిన చీరలు దుకాణపు అద్దముల వెనుక వేలకు వేలు పలుకును. ఇంట దండెముపై ఉన్నవి రెండు. ఒకటి ఒంటిమీద, ఒకటి నీళ్ళలో. వక్షమున చిన్న గడ్డ తగిలినదనియో, నెలసరి ఆగుట లేదనియో కోడలితో చెప్పుదురు. ఆసుపత్రికి పోదమనగానే, ‘ఈ చీరతో ఎట్లా వస్తానే? వాళ్ళంతా ఏమనుకుంటారు? పండక్కి కొత్తది కొన్నాక చూద్దాంలే’ అందురు. పండుగ వచ్చును, పోవును. పండుగ చీర ఆడపడుచుకు పోవును. గడ్డ మాత్రము అక్కడనే యుండును. వక్షపు గడ్డ ఎంత ముందు చూపించిన అంత మేలని తెలియనివారు ఈనాడు లేరు. తెలిసియు ఆగిపోవుటకు చీర ఒక కారణమగుచున్నదన్నచో చీరలు నేయు మనము తల ఎక్కడ పెట్టుకొనవలెను?

ఆ మాట వెనుక వేరొక సిగ్గు దాగియుండుటయు కలదు. ‘చీర లేదు’ అనుట సులభము. ‘రవిక విప్పవలసివచ్చునేమో’ అనుట కష్టము. ఇంటివారు దానిని గ్రహింపవలెను. ముందువైపు హుక్కులున్న వదులైన రవిక, మెత్తని నూలుచీర, పైన కప్పుకొనుటకు ఒక పెద్ద తువాలు – ఇవి యున్నచో పరీక్ష వేళ ఎంత అవసరమో అంతమేరయే తొలగించి, తక్కినది కప్పుకొనవచ్చును. వైద్యురాలు కావలెననియో, తోడుగా ఒక స్త్రీ ఉండవలెననియో అడుగుటకు ఎవరును సంకోచింపనక్కరలేదు.

ఈ సిగ్గు వైద్యశాస్త్రమునకే ఒక పరికరమును ఇచ్చినది. 1816లో పారిస్ నగరమున లెన్నెక్ అను వైద్యునివద్దకు హృద్రోగముతో ఒక యువతి వచ్చెను. అప్పటి పద్ధతి ప్రకారము రొమ్ముకు చెవి ఆనించి వినుట ఆయనకు తగనిపనిగా తోచెను. కాగితములను చుట్టగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్ముపైనుంచి, రెండవ కొనకు చెవి ఆనించి వినెను. గుండెచప్పుడు మునుపటికంటె స్పష్టముగా వినబడినది. స్టెతస్కోపు అట్లు పుట్టినది. దానిని నేటికిని బట్టమీద గాక చర్మముమీద ఆనించి వినుటయే సరియైన పద్ధతి. బట్ట రాపిడి ఊపిరితిత్తులలోని గురగుర చప్పుడును పోలియుండి వైద్యుని మోసగించగలదు. కాబట్టి దగ్గుకు, ఆయాసమునకు పోవువారు పైనుండి క్రిందివరకు గుండీలున్న చొక్కా తొడుగుట మేలు. తలమీదుగా తీయవలసిన బిగుతు బనీనులు, వాటిపై చొక్కా, దానిపై స్వెట్టరు – ఇవి విప్పునప్పటికి వెనుక వరుసలోనివారు గొణుగుట మొదలుపెట్టుదురు. అప్పుడు మనవారు ‘ఫరవాలేదండీ, పైనుంచే చూడండి’ అందురు.

రక్తపు పోటు కొలుచు పట్టీయు అట్లే. అది బోసిచేతిపై కట్టవలెను. బిగుతు చేతులు పైకి లాగి చుట్టినచో ఆ చుట్టయే దండను నొక్కును. జరీ అంచు అతికిన బిగుతు రవికచేతులు నేటి సొగసు. పోటు చూపించుకొను దినమునకు మాత్రము అవి పనికిరావు. వదులైన పొట్టిచేతులు చాలును. ఐదు నిమిషములు వీపు ఆనించి, పాదములు నేలపై మోపి, మాటలాడక కూర్చున్న తరువాత చూచిన అంకెయే నమ్మదగినది. మెట్లెక్కి వచ్చి, చేతులు లాగుకొనుచు చూపించిన అంకెను పట్టుకొని ఇంటికివచ్చి బెంగపడుట మన యిండ్లలో తరచు జరుగుచున్నది.

నడుము సంగతి ఒకటి చెప్పి ముందుకు పోదుము. చీర క్రింది లంగా బొందును చిన్నతనమునుండి ఒకే చోట బిగించి కట్టుటవలన నడుముపై నల్లని చార పడుట మన స్త్రీలందరికి తెలిసినదే. 2024లో వార్ధా, బీహారు వైద్యులు అట్టి ఒరిపిడి పుండు క్యాన్సరుగా మారిన రెండు సందర్భములను ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. ఒకామె వయస్సు 70 ఏండ్లు. పదునెనిమిది నెలలు మానని పుండు. రెండు సందర్భములే గనుక ఎవరును బెదరనక్కరలేదు. కాని చార పుండై, మానక నిలిచినచో చూపించవలెను. సన్నని బొందు బదులు వెడల్పైన పట్టీ కుట్టించుకొనవలెను. అప్పుడప్పుడు కట్టు చోటు మార్చవలెను. ఆ చోటు బట్టక్రింద దాగియుండుటవలన ఎవరును అడుగరు, వీరును చెప్పరు.

మన వృత్తివారు తప్పక తెలిసికొనవలసినది జరీ సంగతి. అసలు జరీలో పట్టుదారముపై వెండితీగ చుట్టి బంగారుపూత వేయుదురని మన కెరుకే. అంతకు తక్కువ రకములో రాగితీగ. ఏదైనను లోహమే. ఎం.ఆర్.ఐ. అను పరీక్షలో బలమైన అయస్కాంతమును, రేడియో తరంగములను ఉపయోగింతురు. ఒంటిపై లోహపుతీగ యున్నచో ఆ తరంగములకు వేడెక్కి చర్మము కాలగలదు. కంటికి లోహమని కనబడని దారములతో నేసిన లోబట్టలవలన కూడ అట్లు కాలిన సందర్భములు వైద్యపత్రికలలో వచ్చినవి. కాబట్టి ఆ పరీక్షకు పోవునాడు జరీ అంచు చీరగాని, జరీకండువాగాని కట్టరాదు. అచట వారిచ్చు బట్ట వేసికొనుమన్నచో అభ్యంతరము చెప్పరాదు. రొమ్ము ఎక్స్‌రేకు పోయినను పిన్నీసులు, హుక్కులు, జరీ పటమున నీడలుగా పడును. సాదా నూలుబట్ట ఇట్టి అన్నిచోట్లను చెల్లును.

దీనితోబాటు మంగళసూత్రము తీయవలసి వచ్చుట. ఇది చిన్నవిషయమని వైద్యశాలవారికి తోచవచ్చును. మన తల్లులకు కాదు. పరీక్షగది గుమ్మములో ‘త్వరగా తీయండమ్మా’ అనగానే ముఖము వెలవెలపోయి, కన్నీరు పెట్టుకొనినవారిని మేము చూచినాము. ఆ బెదురుతో లోపల అరగంట కదలక పడుకొనుట ఎట్లు? దీనికి మన పెద్దలు ఎన్నడో దారి చూపిరి. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసికొని సూత్రములను తీసి భద్రపరచుట వాడుకలో ఉన్నదే. అది ముందురోజు సాయంకాలము, ఇంట, దీపము పెట్టినవేళ, అత్తగారో తల్లిగారో దగ్గరుండి చేయించినచో వరండాలో కన్నీరు ఉండదు.

అద్దకపు పనివారికి ఒక హెచ్చరిక. నీలిరంగు పట్టిన గోళ్ళను, వ్రేళ్ళను చూచి నెత్తురులో ప్రాణవాయువు తగ్గినదని భ్రమపడు అవకాశమున్నది. క్రొత్త నీలిబట్ట రంగు ఒంటికి అంటి, అట్లు వైద్యులను తికమకపెట్టిన ఉదంతములు కలవు. వ్రేలికి తగిలించు చిన్నయంత్రమును గోటిరంగు కూడ తప్పుదారి పట్టించును. ముందే ‘ఇది రంగుపని’ అని చెప్పిన చాలును.

ఇంతవరకు మనము కట్టి పోవు బట్టను గూర్చి. ఆసుపత్రివారు కట్టించు బట్ట మరియొక అధ్యాయము. వెనుక రెండు ముళ్ళు వేసి, నడచినప్పుడు వీపు, పిరుదులు కనబడునట్టి ఆ అంగీని తొడిగించుకొనినవారెవరును దానిని మరువరు. 2020లో బ్రిటన్‌లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో రోగులు ఆ అంగీలో తమకు పరువు పోయినట్లు, దిక్కులేనట్లు తోచినదని చెప్పిరి. అక్కడ అవసరము లేకున్నను దానిని తొడిగించుట వాడుకైనదట. మానము కాపాడునది గనుకనే మనవారు వస్త్రమును పూజించిరి. భావనాఋషి తామరతూటి నారతో నేసెననియు, దేవలమహర్షి దేవమానవులకు వస్త్రములిచ్చెననియు మన కులపురాణములు రెండును చెప్పునది ఆ మాటయే గదా. మానమును సగమే కప్పు బట్టను బట్ట యనుట ఎట్లు?

శస్త్రచికిత్సకు, ప్రమాదమునకు అట్టి అంగీ కావలెను, కాదనము. కాని లేచి తిరుగగల రోగి దినమంతయు దానిలో ఎందుకు? 2018 వసంతమున ఇంగ్లండు ప్రభుత్వాసుపత్రులలో నర్సులు 70 దినములపాటు ఒక ఉద్యమము నడిపిరి. పడకబట్టలు విప్పించి, రోగులచేత వారి సొంతబట్టలు కట్టించి, లేపి నడిపించుట దాని ఉద్దేశము. పడకబట్టలోనే ఉన్న మనిషి తాను రోగినే అనుకొని మంచము దిగడనియు, దిగనికొలది కాళ్ళ కండలు కరగుననియు గ్రహించి, ఆ స్థితికి వారు ‘పైజామా పక్షవాతము’ అని హాస్యముగా పేరు పెట్టిరి. మన యిండ్లలో ముసలివారు ఆసుపత్రిలో నాలుగు దినములున్నచో, వైద్యుని సెలవు తీసికొని, ఉతికిన పంచెయో నూలుచీరయో కట్టించి చూడుడు. ‘ఇంటికెప్పుడు పంపిస్తారు?’ అని వారే అడుగుట మొదలుపెట్టుదురు.

ఆసుపత్రిబట్టను మార్చరాదని శాసనమేమియు లేదు. శస్త్రచికిత్స గదిలో ఒకప్పుడు అంతయు తెలుపే. నెత్తుటి ఎరుపును, తెలుపు మిరుమిట్లను మార్చి మార్చి చూచి కన్ను అలసిపోవుచుండుటచే, 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు హారీ షెర్మన్ ఎరుపుకు ఎదురురంగైన ఆకుపచ్చను ప్రవేశపెట్టెను. ఈనాడు పచ్చబట్ట చాలచోట్ల కనబడుచున్నది. వైద్యుని కంటికొరకు బట్ట మారినది. రోగి వీపుకొరకు ఎందుకు మారరాదు?

అందుకు కావలసిన కట్టు మన ఊళ్ళలోనే ఉన్నది. సోలాపూరులో సిద్ధేశ్వరస్వామి జాతరలో నందిధ్వజములు మోయువారు తెల్లని బారాబందీ తొడుగుదురు. ముందుభాగము ఒకదానిపై ఒకటి మడిచి, బొందులతో ప్రక్కగా కట్టు అంగీ అది. బొందులు విప్పినచో రొమ్ము, కడుపు అంతయు వైద్యునికి తెరచుకొనును. కట్టినచో వీపు పూర్తిగా మూసియుండును. దానినే మోకాలి దిగువవరకు పొడిగించి, చేతులు దండపైకి సులభముగా జరుగునంత వదులుగా, మోచేతి మీదికి ఆగునట్లు కుట్టవలెను. గుండీలు, హుక్కులు, జిప్పులు, జరీ ఏవియు ఉండరాదు; బొందులును నూలువే కావలెను. నూరుపాళ్ళ నూలు, మరగకాచి ఉతికినను వెలియని రంగు, లోపల దేహము కనబడనంత దట్టము. బొందులు రోగి తన చేతులతో తానే కట్టుకొనగల చోట ఉండవలెను. వీపు వెనుక ముడివేయుటకు పరుల చేయి కావలసియుండుటయే ఆ పాత అంగీలో పెద్ద లోపము.

సోలాపూరులో కుట్టుపని తెలిసిన సభ్యులు, తువాళ్ళు, దుప్పట్లు నేయు సభ్యులు కలిసి ఇట్టి నమూనా ఒకటి తయారుచేసినచో, స్త్రీలకొకటి, పురుషులకొకటి చొప్పున సంఘ కార్యాలయమునకు పంపగోరుచున్నాము. ఎన్ని గజములు పట్టినది, నూలు నంబరు ఎంత, కుట్టుకూలి ఎంత, పది ఉతుకుల తరువాత ఎంత కురచయైనది అను వివరములు చీటీపై వ్రాసి జతపరచవలెను. అందిన కొలతలను పత్రికలో ప్రకటింతుము.